అటికమామిడి పారబోసిన పూట

1959లో, వానలు మొదలైన కొత్తలో, నేను గురజాల వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మాది బందరు పక్క పల్లె. పల్నాడు వచ్చి అప్పటికి రెండేళ్లు. ఇక్కడి ఎండకీ, కారానికీ అలవాటు పడ్డాను. ఇక్కడి మాటలు మాత్రం ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. పట్టుబడలేదని నాకు తెలియదు, అదీ సంగతి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చిన్నప్పటినుంచీ చెప్పేది. నా నోరు అంత మంచిది కాదు. పని మీద శ్రద్ధ ఎక్కువై అరుస్తున్నానని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పిల్లల వార్డులో ఎనిమిది మంచాలూ నా అజమాయిషీలోనే ఉండేవి. శనివారం శనివారం ఆవరణలో పిచ్చిమొక్కలు పీకించే పని కూడా నాదే. ఒక్క గడ్డిపోచ కనబడితే తోటమాలికి ఆ పూట నా చేతిలో మూడేది.

ఒకరోజు పొద్దున్నే కోటమ్మ అనే ముసలావిడ తన కూతురి కూతుర్ని ఎద్దుల బండిలో పడుకోబెట్టుకుని వచ్చింది. పిల్ల పేరు చిట్టెమ్మ, తొమ్మిదేళ్లు. తల్లీ తండ్రీ సాగర్ డ్యాం పనిలో రాళ్లు మోస్తూ అక్కడే గుడిసె వేసుకుని ఉన్నారు. పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. మొహం ఎంత ఉబ్బిందంటే కళ్లు తెరుచుకోవడం లేదు. కాలి మీద వేలితో నొక్కితే పడిన గుంట పడినట్టే ఉంది. దీన్ని మేం ఎడీమా అంటాం, అంటే ఒంటికి నీరు పట్టడం.

డాక్టరమ్మ చూసి నెఫ్రైటిస్ అన్నారు. మూత్రపిండాలు వాచి, నీరు బయటికి పోక ఒంట్లోనే నిలిచిపోయే జబ్బు. అంతకు ముందు నెలలో పిల్లకు ఒళ్లంతా గజ్జి కురుపులు లేచాయట, అక్కడ మొదలైంది. పెన్సిలిన్ ఇంజక్షన్లు, పూర్తి విశ్రాంతి, సాల్ట్ ఫ్రీ డైట్ రాశారు. అంటే ఉప్పు కల్లు కూడా తగలని చప్పిడి తిండి. చాలామంది పిల్లలు తేరుకుంటారు, కొందరు తేరుకోరు. పోయిన నెలలోనే, చిట్టెమ్మకు ఇచ్చిన ఆ మంచం మీదే ఒక పిల్లవాణ్ణి పోగొట్టుకున్నాం. వాళ్లమ్మ చాటుగా ఊరగాయ పెట్టిందని తరవాత తెలిసింది. అందుకని ఉప్పంటే నేను మండిపడుతున్నాను.

రోజూ ఇంటేక్-అవుట్‌పుట్ చార్టు రాసేదాన్ని. లోపలికి ఎన్ని ఔన్సులు పోయింది, బయటికి ఎన్ని ఔన్సులు వచ్చింది అనే లెక్క అది. మూడు రోజులైనా బయటికి వచ్చేది పెద్దగా పెరగలేదు. కోటమ్మ పొద్దున్నే మనవరాలి చీలమండకు నూలు దారం చుట్టి, ఏదో చూసి, విప్పుకునేది. తాయెత్తుల గోల కాబోలనుకుని ఊరుకున్నాను. ఇంజక్షన్ మానకుండా ఉంటే చాలు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె చిన్న సత్తు గిన్నెలోంచి పిల్లకు కలిపి పెట్టబోతోంది. రోగుల వాళ్లు ఆసుపత్రి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద వండుకునేవాళ్లు.

"ఏం పెడుతున్నావు మామ్మా?"

"జొన్నన్నం, అటికమామిడి పప్పు తల్లీ."

నా చెవికి మామిడి ఒక్కటే వినబడింది. వానాకాలంలో మామిడంటే ఊరగాయే కదా.

"మామిడా! ఉప్పు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"మామిడి కాదు నర్సమ్మా, అటికమామిడి."

"ఏ మామిడైతే ఏమిటి! పిల్లని చంపుకుంటావా?"

గిన్నె లాక్కుని కిటికీలోంచి పారబోశాను. కోటమ్మ నా మొహంలోకి ఒకసారి చూసింది. ఆ తరవాత లేచి బొంత మడత పెట్టడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?"

"ఇంటికి. ఏందో చూడకుండానే ముద్ద పారబోసేకాడ నా బిడ్డ ఎట్టా బతుకుద్ది?"

"ఆకలేస్తంది అమ్మమ్మా" అంది చిట్టెమ్మ, కళ్లు తెరవకుండానే.

పోతే పొమ్మనలేను. ఇంజక్షన్లు ఆగిపోతే పిల్ల మీద ఆశ వదులుకోవలసిందే. బతిమాలడానికి నోరు రాలేదు. గిన్నె కడిగి ఇచ్చే నెపంతో పంపు దగ్గరికి వెళ్లాను. గిన్నె అడుగున రెండు ఆకులు అంటుకుని ఉన్నాయి. గుండ్రటి ఆకు, ఎర్ర కాడ. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు, కారం లేదు, చింతపండు లేదు. వట్టి చప్పిడి. పైగా ఆ రుచి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వానాకాలంలో మా అమ్మ పప్పులో వేసే గలిజేరు అది! ఇక్కడ దాన్నే అటికమామిడి అంటారన్నమాట. సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి.

వెనక్కి వెళ్లేసరికి కోటమ్మ మూట కట్టేసింది. అందరూ వింటుండగానే చెప్పాను. "తప్పు నాదే మామ్మా. మామిడికాయనుకున్నాను. మా వైపు దీన్ని గలిజేరంటారు."

కోటమ్మ మూట కింద పెట్టింది.

"రెండూ ఒకటేలే. పేరు తెలవకపోతే తప్పు కాదమ్మా. గిన్నెలోకి తొంగిచూడకపోవడమే తప్పు."

"మళ్లీ వండుదువుగాని. ఆకు ఎక్కడ కోశావు?"

"మీ గోడవారే. వానకి బాగా లేచింది. నువ్వు శనారం పీకిచ్చేలోపల కోసుకుందామని తొందరపడతన్నా."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేనైతే పెరటి మందును ప్రతి వారం పెంటకుప్పలో వేయిస్తున్నాను!

ఆమెతో పాటు నేనూ వంగి కోశాను. అప్పుడు అడిగాను ఆ దారం సంగతి. నడుముకు దోపుకున్న దారం తీసి చూపించింది. రోజూ పొద్దున చీలమండ చుట్టూ తిప్పి, కొస కలిసినచోట ఒక ముడి. ముడి వెనక్కి జరిగితే వాపు తగ్గినట్టు, ముందుకు జరిగితే పెరిగినట్టు. మొదటి రెండు ముళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ పొద్దుటి ముడి గింజంత వెనక్కి ఉంది. నా చార్టులో కూడా ఆ రోజే రెండు ఔన్సులు ఎక్కువ వచ్చింది. ఒక్క అక్షరం రాని మనిషి నాకంటే ముందే చార్టు రాసుకుంటోంది. నాకు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది.

"ఎవరు నేర్పారు మామ్మా?"

"మా ఆయనకి ఒళ్లు ఉబ్బినప్పుడు నేనే కట్టుకున్నా. ఆయనకి ఈ ఆకు పనిచెయ్యలా. గుండె జబ్బంట అది. ముడి ముందుకే పోయింది." ఆకులు దులుపుతూ అంది, "ఆకొక్కటే బాగుచేసేదైతే ఇంత దూరం బండి ఎందుకు కట్టిస్తానమ్మా? సూదులు మీవి, ఆకు నాది."

ఇంత తెలిసీ గొప్పలు పోని వైద్యులను నేను ఆ తరవాత కూడా ఎక్కువమందిని చూడలేదు.

డాక్టరమ్మకు జరిగింది దాచకుండా చెప్పాను. ఆవిడ ఆకు తిప్పి చూసి, ఆయుర్వేదంలో పునర్నవ అంటారన్నారు. "చప్పిడిగా, కొద్దిగా పెట్టనీ. చార్టులో మాత్రం రోజూ రాయి" అన్నారు. ఇంటేక్ కింద తెలుగులోనే 'అటికమామిడి పప్పు' అని రాశాను.

ఐదో రోజునుంచి నీరు కదిలింది. దారం ముళ్లు గబగబా వెనక్కి నడిచాయి. తొమ్మిదో రోజు పొద్దున వెళ్లేసరికి మంచం మీద వేరే పిల్ల కూర్చునుంది! కోల మొహం, చక్రాల్లాంటి కళ్లు. చిట్టెమ్మ అసలు మొహాన్ని నేను అప్పటిదాకా చూడనేలేదు.

"నర్సమ్మా, నాకు ఆవకాయ ముక్క కావాలి" అంది.

"ఆమెని అడక్కే, గిన్నెతో సహా పారబోసుద్ది!" అంది కోటమ్మ. వార్డంతా నవ్వింది. నేను మాత్రం నవ్వబోయి ఏడ్చాను.

పిల్లను బతికించింది పెన్సిలినా, చప్పిడి తిండా, పసి ఒంటి సత్తువా, ఆ ఆకా అంటే నేను చెప్పలేను. తరవాత అదే ఆకు పెట్టినా తేరుకోని వాళ్లనూ చూశాను. ఒళ్లు ఉబ్బితే ముందు ఆసుపత్రికి రమ్మనే చెప్పాను, కోటమ్మ చేసిందీ అదే. నేను నేర్చుకున్నది వేరు. ఆ రోజునుంచి "ఏం పెట్టారు?" అని అడిగి ఊరుకోలేదు, "చూపించండి" అన్నాను. ముందు గిన్నెలోకి చూశాను, ఆ తరవాతే నోరు తెరిచాను. ఆ పిల్ల ఆ పూట నా వల్ల ఆకలితో ఎదురుచూడటం ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

కొన్నేళ్లకు ట్రైనింగు ముగించుకుని ఒక కొత్త నర్సు వచ్చింది. చురుకైనది, నోరు అచ్చం నాదే. మొదటి శనివారమే గోడ వార చూపించి, "ఇన్ని పిచ్చిమొక్కలు పెరిగితే పీకించరేమిటి సిస్టర్?" అని నిలదీసింది.

"వాటి పేరు చెప్పు, పీకిస్తాను" అన్నాను.

ఆ అమ్మాయి మొక్క వంక చూసింది, నా వంక చూసింది. "తెలియదు సిస్టర్" అంది.

"అయితే ఉండనీ" అన్నాను.