గురజాలలో ఏడు టోపీ బిళ్ళలు

నేను పల్నాడు వెళ్ళడానికి కారణం నేనే రాసిన ఒక వ్యాసం. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. గుంటూరులో మా వీధి డాక్టరుగారికి పాత సిపాయిల టోపీ బిళ్ళలు పోగుచేసే సరదా ఉంది. అసలు బిళ్ళకూ నకలుకూ తేడా ఎలా కనిపెట్టాలో ఆయన చెబుతుంటే విని, మా పత్రిక ఆదివారం పేజీలో ఒక మూల ఖాళీ ఉందని రాసి పడేశాను. రాసినవాడే నిపుణుడని నమ్మిన పెద్దమనిషి ఒకరు గురజాలలో ఉన్నారు. పాత సిపాయిలకు వెల్దుర్తి వైపు బంజరు భూమి పంచడానికి వచ్చి, అక్కడి బంగళాలో మకాం పెట్టిన ప్రత్యేకాధికారి ఆయన. సిపాయిలమని రుజువుగా ఏడుగురు ఏడు బిళ్ళలు తెచ్చారనీ, ఏడుగురి కాగితాలనూ చెదలే తిన్నాయంటున్నారనీ, బుధవారం పదకొండు గంటలకు వచ్చి నిజం తేల్చమనీ ఉత్తరం రాశారు. డాక్టరుగారు రోగులను వదిలి రానన్నారు. తన భూతద్దం మాత్రం ఇచ్చారు.

మంగళవారం ఉదయం ఏడున్నరకు గుంటూరులో మాచర్ల బండి ఎక్కాను. నేను దిగవలసింది గురజాలలో, కానీ మాచర్ల దాకా టిక్కెట్టు కొన్నాను. నకళ్ళు చూడదలచినవాడు ముందు ఆ చుట్టుపక్కల ఇత్తడి పోతపోసేవాణ్ణి చూడాలని డాక్టరుగారి సలహా. మూడో తరగతి పెట్టెలో సత్తెనపల్లి దాకా కూర్చున్నాను. తర్వాత మిరపకాయల బస్తాలకు చోటిచ్చి నిలబడ్డాను. బస్తాల యజమాని నా పని ఏమిటని అడిగాడు. చెప్పాను.

"దీనికి జీతమిస్తారా?"

ఇవ్వరన్నాను.

"అయితే నీకు ఇంటికాడ ఏదో బాధుంది," అన్నాడాయన, జాలిగా.

పిడుగురాళ్ల స్టేషనులో ఎక్కినవాళ్ళందరూ సున్నం దుమ్ముతో తెల్లగా ఉన్నారు. రెంటచింతల దాటాక కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి కాలింది. ఒంటిగంటన్నరకు మాచర్ల చేరాము. బియ్యం రేషను రోజులు కాబట్టి హోటల్లో జొన్నన్నం, గోంగూర పెట్టారు. రెండూ బాగున్నాయి. సత్రంలో గది దొరికింది, నులకమంచం ఉంది, తలుపుకు గడియ లేదు.

నాలుగు గంటలకు బజారులో మస్తాన్ దుకాణం వెతుక్కుంటూ వెళ్ళాను. ఎద్దుల మెడ గంటలు, గజ్జెలు పోతపోయడంలో ఆ తాలూకాలో అతనికి పేరుంది. గూఢచారిలా అటూ ఇటూ తిప్పి అడగాలని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. అవసరం పడలేదు. గంటల పక్కనే, దారానికి గుచ్చి, ఒక టోపీ బిళ్ళ వేలాడుతోంది. చుట్టూ ఆకుల దండ, పైన కిరీటం, మధ్యలో జంతువు. ఆ జంతువుకు ఎత్తయిన మూపురం ఉంది. ముక్కుతాడు కూడా ఉంది.

దీన్ని ఎవరు చేశారని అడిగితే మస్తాన్ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. ఆరు అమ్మాడట, ఏడోది ఇది. దావీదనే ముసలి సిపాయి బిళ్ళను ఒకపూట అడిగి తీసుకుని, దానితో మట్టిలో అచ్చు తీశాడట.

"ఆయన బిళ్ళ మీద బొమ్మ లేదయ్యా, అరిగిపొయ్యింది. ఏ జంతువు మావా అంటే కంచరగాడిద అన్నాడు. కంచరగాడిదని ఎవుడు కొంటాడు? అందుకని ఒంగోలు గిత్తని పెట్టా."

వెనక్కి తిప్పి చూశాను. అప్పడాల పీటలా చదునుగా ఉంది. డాక్టరుగారి పాఠంలో మొదటి మాట ఇదే: అసలు బిళ్ళను పలచటి రేకు మీద అచ్చుతో గుద్దుతారు, కాబట్టి ముందు ఎత్తుగా ఉన్నదల్లా వెనక గుంటగా ఉంటుంది. పోతపోసినదానికి ఆ గుంటలుండవు. పైగా పోసిన ఇత్తడి చల్లారితే కాస్త కుంచించుకుంటుంది, నకలు అసలుకంటే రవ్వంత చిన్నదవుతుంది. ఈ సంగతి చెబితే మస్తాన్ నొచ్చుకున్నాడు. కావాలంటే పెద్దది చేసిస్తానన్నాడు.

బుధవారం ఉదయం ఎనిమిదికి గురజాల బస్సు. పెట్రోలు కరువుకు అది బొగ్గుతో నడుస్తోంది. వెనక పీపాలో బొగ్గు రాజేసి, కండక్టరు దానికి గాలి కొట్టే చక్రం తిప్పి తిప్పి అలిసిపోతే ప్రయాణికులు వంతులవారీగా తిప్పాలి. మిట్ట వచ్చినప్పుడు దిగి నెట్టాలి. నా వంతులో నాతోపాటు చక్రం పట్టుకున్న ముసలాయన తలపాగాకు ఇత్తడి బిళ్ళ గుచ్చి ఉంది. నేను అడగకముందే ఆయన పేరు దావీదని తెలిసిపోయింది. మొదటి జర్మనీ యుద్ధంలో ఎడారి దేశంలో కంచరగాడిదలను తోలాడు. వచ్చినప్పటినుంచి ఇతరుల పొలం కౌలుకు చేస్తున్నాడు. ప్రతి ఆదివారం ప్రార్థనకు ఈ బిళ్ళ పెట్టుకుని వెళతాడు. అందుకని ఆయన భార్య మరియమ్మ ప్రతి శనివారం చింతపండు, ఇటుకపొడి వేసి చెంబులతోపాటు దీన్నీ తోముతుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక్క శనివారం తప్పలేదు. ఆకులదండ కొద్దిగా కనిపిస్తోంది. మధ్యలో మాత్రం అద్దంలా ఉంది, నా ముఖం కనిపించింది.

మరియమ్మ బస్సు లోపలినుంచే చెప్పింది. "అయిదెకరాలంట బాబూ. ఇది తేలకపోతే చచ్చిందాకా కౌలే. వచ్చే ఏటినుంచి ఆ కౌలు కూడా ఇయ్యరంట, మేం ముసలోళ్ళమైపొయ్యామంట."

ఆ తీర్పు చెప్పేవాణ్ణి నేనేనని వాళ్ళతో అనలేకపోయాను.

పదకొండుకు పది నిమిషాలుండగా బంగళా చేరాము. వరండాలో బల్ల మీద గుడ్డ పరిచి ఏడు బిళ్ళలు పెట్టారు. ఆరు గిత్తలు తళతళలాడుతున్నాయి. అధికారి వాటిని ఆప్యాయంగా చూసి, తన అభిప్రాయం ముందే చెప్పారు: ఆరూ ఒకలాగే ఉన్నాయి, ఒకటి మాత్రం వేరుగా ఉంది, కాబట్టి దొంగది ఆ ఒకటే అయివుండాలి.

నేను ఆరింటినీ తిరగేసి చూపాను. మాచర్లలో చూసినది చెప్పాను. వాటిని తెచ్చిన ఆరుగురిలో ఒకాయన లేచి, తమది గిత్తల పటాలమని విన్నవించాడు. ఏ దేశంలో పోరాడారని అధికారి అడిగారు.

"గిత్తలు ఏడకి తోలుకుపోతే ఆడకండీ," అన్నాడాయన.

అధికారి ఆరు అర్జీలూ పక్కన పెట్టారు. కానీ అంతమాత్రాన ఏడోది నిజమని నమ్మనన్నారు. అది ఏ డబ్బా మూతో కావచ్చు. బిళ్ళ మీద ఏముండేదని అర్జీలో ఒక గడి ఉంది. దానిలో దావీదు కంచరగాడిద అని రాయించాడు.

గుమ్మం దగ్గర కూర్చున్న మరియమ్మ అప్పుడు నోరు తెరిచింది. "ఆయన మొగం. ఆడ ఏనుగు ఉండేదయ్యా. ముందు తొండం పొయ్యింది, కాపురానికొచ్చిన రెండో ఏడు. మా పెద్దది పుట్టినప్పుడు చెవి పొయ్యింది. వీపు మొన్నమొన్నటిదాకా ఏలికి తగిలేది."

ఆ జంతువు తన చేతులకింద పోయింది కాబట్టి ఏది ఎప్పుడు పోయిందో ఆమెకు తెలుసు. నేను బిళ్ళను వెనక్కి తిప్పాను. వెనకవైపు ఎవరూ తోమలేదు. యుద్ధంనాటి మకిలి గట్టిపడి ఉంది. దాన్ని పుల్లతో గీకి, లక్క అంటుకోకుండా మరియమ్మ తలకు రాసుకున్న ఆముదం ఆమె వేలితోనే పూయించి, గుమాస్తా దగ్గర సీళ్ళు వేసే లక్క కరిగించి ఆ గుంటల్లో పోయించాను. అది చల్లారేదాకా అందరూ బల్ల చుట్టూ మూగారు. గిత్తలవాళ్ళు కూడా లేచి వచ్చి నిలబడ్డారు.

లక్క ఊడివచ్చింది. బొటనవేలంత ఎర్రటి ఏనుగు, తొండం పైకెత్తి ఉంది.

అధికారి భూతద్దంతో చాలాసేపు చూశారు. బిళ్ళ అసలుదేనని ఒప్పుకున్నారు. కానీ అర్జీదారు చెప్పినది కంచరగాడిద, బిళ్ళ మీద ఉన్నది ఏనుగు. భార్య చెప్పినది గడిలో రాయడానికి వీల్లేదు. దావీదు తన నోటితో ఏనుగని మార్చి చెబితే చాలునన్నారు.

దావీదు చెప్పనన్నాడు. "నేను మూడేళ్ళు కంచరగాడిదల కాడ పండుకున్నా. ఏనుగుతో నాకేంది పని? టోపీ నెత్తినుండె, నేను దాని కిందుంటిని. నేనేడ చూస్తా దాన్ని?"

"నీ కంచరగాడిద అయిదెకరాలిస్తదా?" అంది మరియమ్మ. "ఏనుగను. ఒక్కసారి అను. ఇంటికిపొయ్యాక మళ్ళీ గాడిదే అనుకో, నేనేమీ అనను."

ఆయన బల్లమీది లక్క బొమ్మను చూశాడు, భార్య అరచేతులను చూశాడు. ఇంత ఎండలో ఆ చేతులు చింతపండు వాసన వేస్తున్నాయి. "అది ఏనుగంటంది," అన్నాడు చివరికి. "ఆమే చూసింది గదా రోజూ. ఏనుగే."

అధికారి గడిలో రాసి సంతకం చేశారు. అప్పుడు సమయం ఒంటిగంట పది.

గుంటూరు బండి రెండున్నరకు. ఇద్దరూ స్టేషనుకు వచ్చారు. దావీదు కాగితాన్ని తలపాగా మడతలో పెట్టుకుని, మాటిమాటికీ తడుముకుంటున్నాడు. మరియమ్మకు మాత్రం ఒక బాధ మిగిలింది. అంతమంది దొరల ముందు ఆ బిళ్ళ వెనకవైపు మకిలితో బయటపడిందని సిగ్గుపడుతోంది. ఇకమీదట రెండువైపులా తోముతానంది. దయచేసి వద్దని చెప్పాను, ఎందుకో వివరించాను. సరే బాబూ అంది, పిల్లలకు సర్దిచెప్పే గొంతుతో.

బండిలో చోటు దొరికింది. నడికుడి దాటాక చల్లగాలి తగిలింది. పల్నాడులో పాత టోపీ బిళ్ళల కోసం తిరగదలచినవారికి నేను చెప్పగలిగింది తక్కువ. బస్సుకంటే రైలు నయం. ముందువైపు మెరుపు చూసి మోసపోవద్దు, అరుగుదల చూసి వదిలేయవద్దు. తిరగేయండి, గుంటలున్నాయో లేదో చూడండి. మూపురమున్న బిళ్ళ ఎంత చక్కగా ఉన్నా అది మాచర్ల పనితనం, నచ్చితే అలాగే కొనుక్కోండి. అసలుది నేను చూసినంతలో ఒక్కటే ఉంది. దాన్ని చూడదలచినవారు ఆలస్యం చెయ్యకపోవడం మంచిది. మరియమ్మ నాకిచ్చిన మాట మీద నాకు నమ్మకం లేదు.