రెండో సర్వ్‌కి ముందు

నేను మనుషుల మొహాల్లోకి చూడను. చిన్నప్పటి నుంచీ అంతే. ఎదుటివాళ్ల మెడ దగ్గరో, చొక్కా గుండీ దగ్గరో నా చూపు ఆగిపోతుంది. ఇంటికి చుట్టాలొస్తే అమ్మ నా గడ్డం పట్టుకుని పైకెత్తేది. "మొహం చూసి మాట్లాడవే, వాళ్లేం నిన్ను కొరుక్కుతినరు" అనేది. టెన్నిస్ నాకు అందుకే నచ్చిందేమో. అక్కడ అందరూ బంతినే చూస్తారు.

జూబ్లీహిల్స్‌లో ఒక కొండవాలు మీద నాలుగు కోర్టులు. నాలుగో కోర్టు పక్కన ఏనుగంత బండ ఒకటి ఉంది. పగలగొట్టడం ఎందుకులే అని వదిలేశారు. దాని నీడలో బ్యాగులు పెట్టుకునేవాళ్లం. నాన్న నన్ను పదకొండో ఏట అక్కడ చేర్పించారు. నలుగురిలో కలుస్తానని ఆయన ఆశ.

మా సార్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఒక్కరికీ ఒక మ్యాచ్ బుక్. ఎవరితో ఆడినా, ఇంటికెళ్లి స్నానం చెయ్యకముందే ఆ అమ్మాయి గురించి ఒక పేజీ రాయాలి. ఎక్కడికి కొడుతుందన్నది ఒక్కటే కాదు. గెలుస్తున్నప్పుడు ఎలా నడుస్తుంది, పాయింట్ పోయాక ఎటు చూస్తుంది, భయపడితే ఏం చేస్తుంది, ఇవన్నీ.

"బంతి ఆడేది జరసేపే. రెండు పాయింట్ల నడుమ ఏం జేస్తదో గది రాయుండ్రి. మ్యాచ్ గాడనే ఉంటది" అనేవారు సార్.

మిగతావాళ్లు రెండు ముక్కలు రాసి తెచ్చేవారు. ఫోర్‌హ్యాండ్ బాగుంది, బ్యాక్‌హ్యాండ్ వీక్. నేను పేజీలు నింపేదాన్ని. అప్పటికే నాకు డైరీ అలవాటు. మొహాలు చూడను గానీ చేతులు, కాళ్లు, బూట్లు అన్నీ చూస్తాను. ఒకమ్మాయి గీత వెంట నేరుగా కొట్టబోయే ముందు అరచేయి స్కర్టుకి రెండుసార్లు తుడుచుకునేది. ఇంకో ఎడమచేతి అమ్మాయి గేమ్ పోగొట్టుకుంటే తొందరపడేది, బంతిని నేలకి ఎప్పటికన్నా తక్కువసార్లు కొట్టేది. అప్పుడు మనం నింపాదిగా బూటు లేసు కట్టుకోవాలి అని రాశాను.

శనివారం సార్ నా పేజీలు అందరి ముందూ చదివేవారు. "చూసిండ్రా? గిట్ల రాయాలె. నోరు తెరవదు గని, గీ పిల్ల నుంచి ఏదీ దాగదు." నన్ను నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదలు. చెవులు కాలిపోయేవి. మళ్లీ శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

ఆ కోర్టుల్లో నాకున్న స్నేహితురాలు ఒక్కతే. యూసుఫ్‌గూడ నుంచి వచ్చేది. వాళ్ల నాన్న సినిమా షూటింగుల్లో లైట్‌మన్. పొద్దున్నే బండి మీద దింపి పనికి వెళ్లేవాడు. ఏదో వేసవి శిబిరంలో ఆమె ఆట చూసి సార్ తనే తీసుకొచ్చారు. ఇద్దరి తరఫునా తనే మాట్లాడేది. "నువ్వు ఊ కొట్టు చాలు, మిగిలింది నేను చూస్కుంట" అనేది. నేను ఊ కొట్టేదాన్ని.

ఒకరోజు వాన పడి ఆట ఆగింది. ఇద్దరం బండ కింద దూరి కూర్చున్నాం. అప్పుడు చెప్పింది. తనకి ఎనిమిదేళ్లప్పుడు ఒక సినిమాలో చిన్న వేషం వచ్చిందట. రావాల్సిన పాప రాకపోతే వాళ్ల నాన్నే ముందుకు తోశాడట. ఒకటే మాట చెప్పాలి, "అమ్మ వచ్చింది" అని.

"ఒక్కసారి తప్పు చెప్పిన. మళ్లొకసారి అన్నరు. మళ్లొకసారి. యూనిట్ అంత సప్పుడు లేకుండ నన్నే చూస్తున్నరు. మా నాయిన పైన లైట్ పట్టుకొని ఉన్నడు, ఆయన గూడ చూస్తున్నడు. నోరు ఎండుకపోయింది. ఆఖరికి వేరే పాపను తెచ్చిండ్రు. ఇంటికొచ్చేదాక నాయిన ఒక్క మాట మాట్లాడలే."

బండ అంచు నుంచి కారే నీళ్లకి అరచేయి పట్టి మళ్లీ అంది. "ఇప్పటికీ గంతే. ఎవరన్న కదలకుంట నా మొఖం చూస్తే చెయ్యి పనిజెయ్యదు. నీతోని ఆడితే మంచిగుంటది. నువ్వు తలకాయ ఎత్తవు గద."

నేను ఊ కొట్టాను.

మా పదో తరగతిలో ఒక అవకాశం వచ్చింది. పొద్దున్నే మా కోర్టుల్లో ఆడే ఒక నిర్మాత, ఏడాదిపాటు ఒక అమ్మాయిని ఊరూరా టోర్నమెంట్లకి పంపుతానన్నాడు. ఒక్కరినే. సార్ మా ఇద్దరినీ ఎంచి, ఆదివారం మ్యాచ్ పెట్టి గెలిచినవాళ్లకే అన్నారు. నాకది రాకపోయినా ఏమీ కాదు, నాన్న పంపగలరు. తనకి మాత్రం అదొక్కటే దారి. "ఇది రాకుంటే పది కాంగనే బ్యాట్ అటక మీదనే, మా అమ్మ తేల్చేసింది" అని నాతోనే అంది. అంటే నాకు తెలియక కాదు.

పెద్ద మ్యాచ్ అయితే ఆడబోయే మనిషి గురించి ముందే పేజీ రాసి చూపించాలి. శుక్రవారం బడి నుంచి వచ్చి కూర్చున్నాను. నాలుగేళ్లుగా తనతో ప్రాక్టీసే తప్ప మ్యాచ్ ఆడలేదు గనక నా బుక్‌లో తన పేజీ లేదు. ముందు ఆట సంగతులు రాశాను. బ్యాక్‌హ్యాండ్ ఎత్తులో వస్తే ఇబ్బంది, అలిసిపోతే బంతి నెట్ పక్కనే పడేలా డ్రాప్ షాట్ వేస్తుంది. అవి అందరికీ తెలిసినవే. శనివారం సార్ చదివితే మెచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు. అప్పుడు ఇంకో వాక్యం వచ్చింది. "ఎదుటి మనిషి కదలకుండా తన మొహం చూస్తే, తను మళ్లీ ఎనిమిదేళ్ల పిల్ల అయిపోతుంది." కింద ఆ షూటింగ్ సంగతంతా రాశాను. ఆ వాక్యం నాకు నచ్చింది. కొట్టివేతలు లేకుండా దాన్ని మళ్లీ శుభ్రంగా రాసుకోవడం కూడా గుర్తుంది.

శనివారం సార్ ఆ పేజీ పైకి చదవలేదు. బుక్ మూసి నన్ను పక్కకి పిలిచారు.

"గిది నిజమేనా?"

తలూపాను.

"అయితే రెండో సర్వ్‌కు ముందు తలెత్తి మొఖం జూడు. గంతే. రూల్ తప్పేం గాదు."

సర్వ్‌కి రెండు అవకాశాలుంటాయి. మొదటిది పోయినా ఫర్వాలేదు. రెండోదీ పోతే పాయింట్ ఎదుటివాళ్లది. ఎంత గుండె దిటవున్నవాళ్లయినా కాస్త తడబడేది అక్కడే.

"నాకు రాదు సార్."

"రాదని తెలుసు. నీకు బంతి కొట్టుడు వచ్చు. మనిషిని చూసుడు రాదు. గది వచ్చిన్నాడు నువ్వు ప్లేయర్‌వి."

నెట్‌కి అవతల ఆయన నిలబడి సర్వ్ చేస్తుంటే ఆయన మొహం చూడమన్నారు. అరగంట. నా కళ్ల వెంట నీళ్లు కారాయి. చివరికి అయిదు లెక్కపెట్టేదాకా చూడగలిగాను.

ఆదివారం మొదటి సెట్ తను ఆరు-రెండుతో గెలిచింది. రెండో సెట్‌లో మూడు-ఒకటితో ముందుంది. అప్పటిదాకా నేను తలెత్తలేదు. తన సర్వ్. మొదటిది నెట్‌కి తగిలింది. కంచె అవతల వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు, పని మానుకుని వచ్చినట్టున్నాడు. సార్ బెంచీ మీద కూర్చుని తన బూట్లు చూసుకుంటున్నారు. నేను తలెత్తాను.

పై పెదవి మీద చెమట. గడ్డం మీద చిన్న మొటిమ. కనుగుడ్లు నేననుకున్నట్టు నల్లగా లేవు, తేనెరంగు. నాలుగేళ్ల స్నేహంలో తన మొహం మొత్తంగా చూడటం నాకదే మొదలు. తను బంతిని నేలకి కొడుతోంది, కొడుతోంది, ఆపడం లేదు. ఎగరేసింది. బంతి నెట్ అడుగున పడింది.

ఆ తర్వాత పెద్దగా ఆడాల్సిన అవసరం రాలేదు. ఆ సెట్ ఆరు-మూడు, మూడో సెట్ ఆరు-రెండు.

నెట్ దగ్గర చేయి కలిపినప్పుడు తన చేయి చల్లగా ఉంది.

"సార్‌కు చెప్పినవా?"

"లేదు" అన్నాను. చెప్పలేదు, రాశాను అని లోపల సర్దుకున్నాను.

వాళ్ల నాన్న కూతురి బ్యాగు భుజాన వేసుకుని నా దగ్గరకొచ్చాడు. "మంచిగ ఆడినవ్ బిడ్డా" అన్నాడు. ఆ రోజు నా డైరీలో ఒకటే మాట ఉంది: గెలిచాను.

సోమవారం తను రాలేదు. మంగళవారమూ రాలేదు. నేను ఫోన్ చెయ్యలేదు. ఏడాదంతా ఊళ్లు తిరిగాను. ఏ ఊళ్లోనైనా రెండో సర్వ్‌కి బంతి చేతిలోకి తీసుకోగానే, నెట్ అవతల ఎవరు నిలబడినా నాకు ఆ తేనెరంగు కళ్లే కనిపించేవి. ముందు ఎప్పుడో ఒకటి తప్పేది. తర్వాత మ్యాచ్‌కి నాలుగు. ఇంటర్ రెండో ఏడాది మధ్యలో చదువు సాకు చెప్పి మానేశాను. మానేశాక కూడా ఆ కళ్లు పోలేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడితే, పైన సినిమా హోర్డింగుల్లో ఆ పెద్ద పెద్ద మొహాలు కిందికే చూస్తుంటాయి. బస్సులో నేను కిటికీ వైపు కూర్చోను.

ఇప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగం చేసుకుంటున్నాను. సార్‌కి మోకాళ్లు అరిగిపోయాయి. శనివారం పొద్దున చిన్నపిల్లలకి మ్యాచ్ బుక్ క్లాసు నన్ను చెప్పమన్నారు. కాదనడం నాకు ఎప్పుడూ రాదు. రెండేళ్లుగా చెబుతున్నాను. పాయింట్ పోయాక ఊపిరి ఎలా తీసుకోవాలి, స్కోరు కాకుండా వచ్చే బంతి గురించే ఎలా ఆలోచించాలి, ఎదుటివాళ్ల అలవాట్లు ఎలా పట్టుకోవాలి.

మొన్నొక శనివారం ఒక పన్నెండేళ్ల పిల్ల బుక్ ఇచ్చింది. మాట్లాడని పిల్ల. వచ్చే ఆదివారం తను ఆడబోయేది తన స్నేహితురాలితోనే. పేజీలో గుండ్రటి అక్షరాలు. "వాళ్ల అమ్మానాన్న విడిపోతున్నారు. నాకొక్కదానికే చెప్పింది. ఇద్దరూ మ్యాచ్‌కి వస్తే ఎవరి వైపు చూడాలో తెలియక తప్పులు కొడుతుంది. ఇద్దరూ వచ్చేలా చేస్తే చాలు." ఒక్క కొట్టివేత లేదు.

బుక్ నా దగ్గరే ఉంచుకున్నాను. మర్నాడు ఫిల్మ్‌నగర్ వెళ్లాను. నా స్నేహితురాలు అక్కడ ఒక స్టూడియోలో కాస్ట్యూమ్స్ పని చేస్తోందని మూడేళ్లుగా తెలుసు. ఆ మూడేళ్లూ ఆ రోడ్డు తప్పించి తిరిగాను.

వరసగా వేలాడుతున్న చీరల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. పెదాల మధ్య పిన్నీసులు. నన్ను చూసి ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"ఓ, నువ్వా. కూసో. ఇంక ఊ కొట్టుడేనా, మాటలొచ్చినయా?"

చెప్పాను. దారిపొడుగునా అనుకున్న క్రమంలోనే చెప్పాను. నేనే రాశాను, సార్ చూశారు, నెట్ దగ్గర నీకు అబద్ధం చెప్పాను.

"తెలుసు" అంది.

"ఎప్పుడు?"

"ఆ రోజే. వాన పడ్డనాడు నీకు తప్ప ఎవరికి చెప్పిన?" చేతిలో ఉన్న జాకెట్ తిరగేసి కుట్టు చూసుకుంది. "దాని గురించి నాకేం బాధ లేదు. సర్వ్‌ల బొక్క ఉంటే ఎవరో ఒకరు పట్టుకుంటరు. నీ లెక్క ఓడిపోతుంటే నేనన్న చూస్తుంటినేమో."

ఛాతీ మీద నుంచి ఏదో లేచినట్టయింది. అది పూర్తిగా లేచేలోపే తను మళ్లీ అంది.

"గని ఒకటి అడుగుత. మూడో సెట్ల నువ్వు ఐదు-రెండు మీద ఉన్నవ్. నా సర్వ్. లవ్-ఫార్టీ. ఇంకొక్క పాయింట్‌తోని అయిపాయె. అప్పుడెందుకు చూసినవ్?"

నేను డబ్బాలోని పిన్నీసుల వైపు చూశాను.

"అప్పుడు అక్కర లేదు గద. నాయిన గాడనే నిలబడ్డడు. చూసుడే గాదు, నవ్వినవ్ గూడ."

నవ్వానా? నాకు గుర్తు లేదు. చూడటం మాత్రం గుర్తుంది. ఇన్నేళ్లు నన్ను తినేస్తున్నది ఆ అబద్ధం అనుకున్నాను. అది కాదు. మనిషి మొహంలోకి చూస్తే ఆ మనిషే తల దించుకోవడం నా జీవితంలో ఆ ఒక్క పూటే జరిగింది. అది నాకు బాగుంది. అక్కర తీరిపోయాక కూడా ఆపబుద్ధి కాలేదు.

లోపలి నుంచి ఎవరో "అక్కా, జాకెట్ అడుగుతున్నరు" అని కేకేశారు. తను లేచింది. "టీ తెప్పిస్త, తాగి పో" అని చీరల వెనక్కి వెళ్లిపోయింది. టీ వచ్చింది. తాగాను. తను మళ్లీ రాలేదు.

తర్వాతి శనివారం ఆ పిల్లని బండ దగ్గర కూర్చోబెట్టి బుక్ తిరిగి ఇచ్చాను.

"మనకి నమ్మి చెప్పినవి ఇందులో రాయకూడదు" అన్నాను.

"ఎందుకక్కా? అలా చేస్తే గెలుస్తాను కదా?"

"గెలుస్తావు."

"మరి?"

అప్పుడు నా కథ చెప్పాను. ఐదు-రెండు దాకా. ఆ చివరి ముక్క పైకి చెప్పడం అదే మొదటిసారి. ఆ పిల్ల నేల మీద రాకెట్‌తో గీతలు గీస్తూ వింది.

"ఆ అక్క ఇప్పుడు ఆడదా?"

"ఆడదు."

"మీరు?"

"నేనూ ఆడను."

ఆ పేజీ చింపలేదు. బుక్ బ్యాగులో పెట్టుకుని "సరే అక్కా" అంది. ఒప్పుకున్నట్టో, మాట తప్పించినట్టో తెలియని "సరే".

ఆదివారం వాళ్ల మ్యాచ్‌కి వెళ్లాను. ఎండ అప్పుడే కోర్టు మీదకి వస్తోంది. కంచెకి ఈ చివర ఒక ఆవిడ నిలబడి ఉంది. ఆ చివర ఒకాయన. ఒకరినొకరు చూసుకోవడం లేదు. మధ్యలో కోర్టులో వాళ్ల అమ్మాయి బంతిని నేలకి కొడుతోంది. తమంతట తామే వచ్చారేమో. తల్లిదండ్రులు పిల్లల మ్యాచ్‌లకి వస్తారు కదా.

నాకు బుక్ ఇచ్చిన పిల్ల నెట్‌కి ఇవతల, వీపు నా వైపు పెట్టి నిలబడి ఉంది. ఎటు చూస్తోందో కనబడలేదు. నాలుగడుగులు వేసి పక్కకి వెళ్తే ఆ మొహం కనిపిస్తుంది. నేను కదల్లేదు.