మగ్గానికొక మాట

పద్మశ్రీ ఇంట్లో దేశాలు మగ్గం చప్పుడులో పుడుతుంటాయి. గోడకు వీపు ఆనించి, ఒళ్లో పుస్తకం తెరుచుకుని ఆమె కూర్చుంటుంది. ఎదురుగా గుంతమగ్గంలో తల్లి సుంకమ్మ నేస్తూ ఉంటుంది. యుద్ధం ముగిసిన ఒక దూరదేశంలో జనం ముందు బడి కట్టుకున్నారా, కోర్టు కట్టుకున్నారా, రోడ్డు వేసుకున్నారా అని పుస్తకం అడుగుతుంది. దారం మోసుకుంటూ నాడె ఇటు నుంచి అటు పోతుంది. పేజీ తిరుగుతుంది. కిటికీలోంచి పడిన ఎండ పడుగు దారాల మీద సన్నగా వణుకుతుంది.

ఎమ్మిగనూరులో డిగ్రీ పిల్లలకు ఆమె రాజనీతిశాస్త్రం చెబుతుంది. నెలకొకసారి కడప నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికలో కొత్త పుస్తకాలను పరిచయం చేస్తుంది. ప్రజాస్వామ్యం ఎక్కడ వేళ్లూనుకుంది, ఎక్కడ వాడిపోయింది, ఒక దేశం తన రాజ్యాన్ని ఎలా నిలబెట్టుకుంది, పక్క దేశం ఎందుకు నిలబెట్టుకోలేకపోయింది, ఇలాంటి పుస్తకాలు. సంపాదకుడు దావీదురాజు పార్సిలు కట్టి పంపుతాడు, వెనకాలే ఫోను చేస్తాడు.

"అమ్మా, మన పాఠకుడు ప్రొద్దుటూరులో అంగడి గల్లా కాడ కూచోని చదువుతాడు. గిరాకీ వస్తే పత్రిక బోర్లా పెడతాడు. గిరాకీ పోయినంక మళ్లీ తియ్యల్ల. అట్ల రాయి."

అలా రాయడం ఆమె తల్లి దగ్గర నేర్చుకుంది. రాసేముందు పుస్తకం మొత్తాన్నీ సుంకమ్మకు కథలాగా చెబుతుంది. సుంకమ్మ ఆవలిస్తే ఆ ముక్క తీసేస్తుంది, నాడె ఆపితే ఆ ముక్క ఉంచుతుంది.

"ఈ తూరి ఏ దేశం పాపా?"

"మూడు దేశాలుమా. కొత్తగా స్వతంత్రం వచ్చినాక మొదట ఏం కట్టుకున్నారో పోల్చి రాసినాడు."

"పోల్చేదేముండాది దాంట్లో. ఎవురైనా ముందు వంటిల్లు గదా కట్టుకునేది."

ఆ నెల వ్యాసం వంటింటితోనే మొదలైంది. దావీదురాజు ఫోనులో చాలాసేపు నవ్వాడు.

ఆ వేసవిలో వచ్చిన పుస్తకం వేరే రకం. అందులో రాజధానులు లేవు, పార్లమెంట్లు లేవు. వేరువేరు ఖండాల్లో చిన్న చిన్న పల్లెలు తమ పెద్దను ఎలా ఎన్నుకుంటాయో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించారు. పద్మశ్రీకి వాటిలో ఒక కొండపల్లె బాగా నచ్చింది.

"ఆ ఊర్లో గుడ్డ కప్పిన కుండ పెడతారంటమా. ఒకరికైతే నల్లగింజ, ఇంకొకరికైతే తెల్లగింజ. చెయ్యి లోపలికి పెట్టి వేసి పోతారు. ఎవురు ఏది వేసినారో ఎవురికీ తెల్దు. గెలిచినోని పేరు మాత్రం చెప్తారు. ఎన్ని గింజలతో గెలిచినాడో చెప్పరు."

నాడె ఆగింది.

"ఎందుకు చెప్పరు?"

"ఓడినోడు పొద్దున్నే అందరి ముఖాలూ చూడల్ల గదా."

సుంకమ్మ పడుగు మీద అరచెయ్యి వేసింది. నిద్రపోతున్న బిడ్డ కడుపు మీద చెయ్యి వేసినట్టుగా ఉంది ఆ వేయడం. తర్వాత మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అంది.

"ఈ తూరి వీధి పెద్దగా నేను నిలబడ్తా."

వాళ్ల మగ్గాల వీధికి ఒక పెద్ద ఉంటాడు. నూలు వస్తే ఇంటింటికీ పంచడం, చౌడమ్మ అమ్మవారి జ్యోతుల పండగ ఏర్పాట్లు చూడడం, గోడ తగాదాలు తీర్చడం అతని పని. పండగకు ముందు గుడి మండపంలో కూర్చుని పెద్దను ఎన్నుకుంటారు. మగ్గానికొక మాట. మగ్గం ఉన్న ప్రతి ఇంటి మగవాడూ ఒక పేరు చెబుతాడు. మగదిక్కు లేని మగ్గానికి దగ్గరి బంధువు చెబుతాడు. పద్మశ్రీ నాన్న పోయినప్పటి నుంచి సుంకమ్మ మగ్గం మాట ఆమె మరిది రామలింగప్ప చెబుతున్నాడు. వీధి పెద్ద కూడా రామలింగప్పే. అంటే తన మగ్గం తరఫున ఒకసారీ, వదిన మగ్గం తరఫున ఒకసారీ తన పేరే తను చెప్పుకుంటాడు.

చెడ్డవాడు కాడు. అన్న పాడెను భుజాన మోసినవాడు. ఇప్పటికీ పొద్దున్నే గడప దగ్గర నిలబడి "తిన్నావా వదినా?" అని అడిగిగానీ మగ్గం ఎక్కడు. నూలు పంచేటప్పుడు వదిన ఇంటికి తక్కువ చేసింది లేదు. పద్మశ్రీకి భయం వేసింది అందుకే. కోపమున్న చోట ఎదురు నిలవడం తేలిక. ప్రేమగా చూసేవాడికి ఎదురు నిలిచి నలుగురిలో ఓడిపోతే అమ్మ ఆ వీధిలో ఎలా నడుస్తుంది? ఆ చేతులు నేతకూ వంటకూ మాత్రమేనని అనుకునే వీధి, ఆ చేతులు మండపం ఎక్కబోయి జారితే నవ్వకుండా ఉంటుందా?

"కుండ పెట్టిస్తేనే నిలబడు," అంది. "నోటితో వద్దు."

ఇద్దరూ కలిసి రామలింగప్ప ఇంటికి పోయారు. అతను నాడెకు నూనె రాస్తున్నాడు. విషయం వినగానే తలెత్తలేదు. నాడెను వెలుతురుకు పట్టి చూసి, గుడ్డతో తుడిచి, పక్కన పెట్టి అప్పుడు నవ్వాడు.

"నా మీద నువ్వు నిలబడ్తావా వదినా! శానా బాగుండాది. ఏమమ్మా పద్మా, ఇది నీ బుక్కులో ఉండాదా?"

"కుండ ఉండాది చిన్నాయనా. అమ్మ లేదు."

"బుక్కులో ఉంటే చేద్దాం. మనమేమన్నా తక్కువోళ్లమా?"

సుంకమ్మ గడపలోనే నిలబడి అడిగింది. "నా మగ్గం మాట ఎవురేస్తారు?"

"నేనుండా గదా."

"నువ్వు నీకు వేసుకుంటావు. నా మగ్గం నా మీదనే నిలబడినట్లాయె."

"దానికి నేనేం చేద్దును వదినా. నిన్న మొన్న పుట్టిన ఆచారమా అది? నా ఒక్కని చేతిలో ఉండాదా?" అన్నాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది.

సుంకమ్మ ఇంటికొచ్చి మగ్గంలో కూర్చుని, నేయకుండా, దారాన్ని బిగించే పలకను ఊరికే ఒకసారి లాగి వదిలింది. "గెలిచేది ఓడేది తర్వాత పాపా. నా మగ్గం ఈడ నా కాళ్ల కింద ఆడతాది. దాని మాట యాడో వానింట్లో ఉండాది. అది తెచ్చుకోవల్ల నేను" అంది. పద్మశ్రీ పుస్తకంలో దానికి జవాబు వెతికింది. ఆ కొండపల్లెలో విధవలు ఏం చేస్తారో ఆ రచయిత రాయలేదు.

గింజలకు బదులు కండెలు పెట్టాలన్న ఆలోచన పద్మశ్రీదే. నాడెలో పెట్టే దారపు కండె లేని ఇల్లు ఆ వీధిలో లేదు. సుంకమ్మకైతే ఎర్రనూలు కండె, రామలింగప్పకైతే తెల్లనూలు కండె. ప్రతి ఇంటికీ తానే పోయి చెప్పింది. అందరూ తలలూపారు. దాసన్న అనే నడివయసు నేతగాడు మాత్రం "చుట్టిన కండెనే వెయ్యల్లనా అక్కా?" అని అడిగాడు. "చుట్టిందే. లేకుంటే రంగెట్ల తెలుస్తాది?" అంది ఆమె. అతను బుర్ర గోక్కుంటూ లోపలికి పోయాడు.

పెద్దను ఎన్నుకునే రోజు పొద్దున మండపంలో కుండ పెట్టారు. మీద పసుపు గుడ్డ కప్పారు. చౌడమ్మ ముందు దీపం నిలకడగా వెలుగుతోంది. మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, గుడ్డ కింద చెయ్యి దూర్చి, అమ్మవారికి దండం పెట్టి పక్కకు పోయారు. రామలింగప్ప రెండుసార్లు చెయ్యి పెట్టాడు, తన మగ్గానికొకటి, అన్న మగ్గానికొకటి. మండపం కింద, స్తంభం నీడలో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో సుంకమ్మ కొంగు బిగించి దోపుకుని ఉంది.

మండపం అంచుకు జరిపిన కుండ మీది గుడ్డను పద్మశ్రీ కింద నిలబడే తీసి, కుండను వంచింది.

కండెలు గలగలమంటూ బండ మీద దొర్లాయి. ఒక్కదాని మీదా దారం లేదు. ఎర్రా లేదు, తెల్లా లేదు. అన్నీ ఒట్టి కండెలు, చెక్కు తీసిన పుల్లల్లాగా నున్నగా.

ఓబులేష్ అనే నేతగాడు మొదట గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి, ఆ పొద్దున దొంగ దొరికినట్టు ఉన్నాడు.

"అది గాదు పద్మక్కా. అమ్మవారి కుండలో పడిన నూలు మళ్లా మగ్గమెక్కగూడదు గదా. అంత నూలు ఊరికే పాడు చేస్తామా? దారం ఊడదీసుకోని కండె వేసినా. అందరూ నూలు కండెలే వేస్తారు, నాదొక్కటి ఒట్టిదైతే ఏమైతాదిలే అనుకున్యా. నా మనసులో ఏముండాదో అమ్మకు తెల్దా?"

"నేనూ అంతే," అన్నాడు దాసన్న.

"నేనూ," అన్నారు ఒకరి తర్వాత ఒకరు. ఆఖరున రామలింగప్ప కూడా తలవంచుకుని రెండు వేళ్లు చూపించాడు. "నావి రెండూ ఒట్టివే అప్పా."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు లేచింది. మండపమంతా పాకింది. పద్మశ్రీ మొదట సిగ్గుతో చచ్చిపోయింది. తనొక్కడూ చేయకపోతే ఏమవుతుందిలే అని ప్రతివాడూ అనుకోవడం గురించి తను తరగతిలో ఎన్ని పాఠాలు చెప్పింది! సొంత వీధి నూలును మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత ఆమె కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమమ్మా, ఇది నీ బుక్కులో లేదా?" అన్నాడు రామలింగప్ప కళ్లు తుడుచుకుంటూ.

"లేదు చిన్నాయనా. రాసినాయనకు మన కథ తెల్దు."

"అట్లయితే మన పాత దావనే పట్టుకుందాం. నోటితోనే చెప్పండప్పా."

నవ్వులు మెల్లగా అణిగాయి. గుడ్డ కింద దాచుకోవలసినది ఇప్పుడు గాలిలో చెప్పాలి. ఓబులేష్ నేల చూస్తూ "సుంకమ్మక్క" అన్నాడు. దాసన్న "రామలింగప్ప" అన్నాడు, తర్వాత "మా సోమక్క మగ్గానికి గూడా రామలింగప్పనే" అన్నాడు. సోమక్క అతని మేనత్త. ఒక్కొక్క పేరూ నెమ్మదిగా, బావిలోకి చేద దించినట్టు, మాటలో బరువు తెలుస్తూ వచ్చింది. ఎదురుగా మనిషి నిలబడి ఉండగా ఆ మనిషిని కాదనడం వాళ్లకు కొత్త.

రామలింగప్ప వంతు వచ్చింది. "నా మగ్గం మాట నాకే," అన్నాడు, కొంచెం నవ్వుతూ. "మా అన్న మగ్గం మాట..."

ఆగాడు.

ఏండ్లుగా అలవాటైన మాట. కుండలో అయితే కళ్లు మూసుకుని వేసేవాడే. ఇప్పుడు స్తంభం నీడలో వదిన నిలబడి ఉంది, అతని నోటి వైపే చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు, కోపంగానూ లేదు. మగ్గం మీద తెగిన దారాన్ని వెతుక్కునేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూస్తోంది.

"ఈ మాట నా నోట్లో తిరుగుతా లేదప్పా," అన్నాడు రామలింగప్ప చివరికి. "వదినా, పైకి రా. నీ మగ్గం మాట నువ్వే చెప్పు."

"ఆడమనిషి మండపమెక్కి..." అని ఎవరో అనబోయారు.

"నాకు సిగ్గైతాండాది. నువ్వొచ్చి చెప్తావా నా బదులు?" అన్నాడు రామలింగప్ప అటు తిరిగి. ఆ గొంతు మళ్లీ లేవలేదు.

సుంకమ్మ మండపం ఎక్కింది. గొంతు పెంచలేదు.

"సుంకమ్మ."

తన పేరును తనే మొదటిసారి విన్నట్టుగా ఆమె ముఖం ఎర్రబడింది. ఆ క్షణంలోనే కింద నుంచి సోమక్క అరిచింది.

"అట్లయితే మాది గూడా మళ్లా అడగండి! వాడెవుడు నా మగ్గం మాట చెప్పేకి?"

"చెప్పు అత్తా, చెప్పు," అన్నాడు దాసన్న బిత్తరపోయి.

సోమక్క మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, అందరినీ ఒకసారి కలయజూసి, గట్టిగా అంది. "రామలింగప్ప."

"నేనూ అదే గదా చెప్పింది!"

"నువ్వు చెప్తే నీది. నేను చెప్తే నాది. కూచో."

మండపం మళ్లీ నవ్వింది. సుంకమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఆ రోజు సుంకమ్మ ఓడిపోయింది. మరీ దూరంగా కాదు, మరీ దగ్గరగానూ కాదు. రామలింగప్ప మళ్లీ పెద్దయ్యాడు. వదిన చేతిలో ప్రసాదం పెట్టి, ఇక మీదట ఏ మగ్గం ఎవరి కాళ్ల కింద ఆడితే మాట వాళ్లదేనని అందరి ముందూ చెప్పాడు. ఒకరిద్దరు గొణిగారు. ఎవరూ కాదనలేదు.

తల్లీకూతుళ్లు ఎండలో ఇంటికి నడిచారు. వీధికి రెండు వైపులా కట్టిన పడుగు దారాలు గాలికి ఊగుతున్నాయి. ఓదార్చే మాట ఒకటి పద్మశ్రీ నాలుక చివర ఉంది.

"ఓడిపోయినా గదా పాపా?" అంది సుంకమ్మ.

"ఓడిపోయినావుమా."

సుంకమ్మ దోపుకున్న కొంగు తీసి ముఖం తుడుచుకుంది.

"ఇన్నేండ్లకు ఓడిపోయేంతదాన్నయితి," అంది.