తొంభై నాలుగు మార్కుల పిల్ల

విద్యావతి నాంపల్లిలో ఒక ఎయిడెడ్ బడిలో పాతికేళ్ళు లెక్కలు చెప్పింది. పిల్లలు రాక ఆ బడి మూతపడ్డాక, రైల్వే స్టేషన్ వెనక గల్లీలో తన ఇంటి ముందుగదిలోనే ట్యూషన్లు మొదలుపెట్టింది. ఒకసారికి ఆరుగురికన్నా ఎక్కువమందిని చేర్చుకోదు. పిల్ల లెక్క చేస్తుంటే పక్కన కూర్చుని చూస్తేగాని ఎక్కడ ఆగిపోతోందో తెలియదని ఆమె నమ్మకం.

కిందటేడు జూలైలో ఉస్మాన్‌గంజ్‌లో మిరియాలు, ఏలకులు టోకున అమ్మే శశికిరణ్ తన కూతురు సాయిసుధను తీసుకొచ్చాడు. వాళ్ళది తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పిల్ల అబిడ్స్‌లో ఒక పెద్ద ప్రైవేటు బడిలో పదో తరగతి. లెక్కల్లో వరుసగా తప్పుతోంది.

వారం రోజులు చూసేసరికి విద్యావతికి సంగతి అర్థమైంది. ఆ పిల్లకు పదో తరగతి పాఠాలు రాకపోవడం కాదు, ఆరో తరగతి భిన్నాలే రావు. పైవి పైవి, కిందివి కిందివి కలిపేస్తోంది.

"సిగ్గెందుకు బిడ్డా? గాడ తప్పినవు, గాడికే పోదాం" అని రొట్టెను ముక్కలు చేసి చూపించింది. రెండు నెలలు భిన్నాలతోనే గడిచాయి. దసరా ముందు బడిలో పెట్టిన పరీక్షలో సాయిసుధకు ముప్పై ఎనిమిది వచ్చాయి. గండం గట్టెక్కిందని విద్యావతి సంతోషించింది. సెలవులయ్యాక మాత్రం పిల్ల మళ్ళీ రాలేదు.

డిసెంబరులో అబిడ్స్‌లో పుస్తకాలు కొంటుంటే తండ్రీకూతుళ్ళు ఎదురుపడ్డారు.

"మా సుధకి లెక్కల్లో తొంభై నాలుగు వచ్చాయండి" అన్నాడు శశికిరణ్. "వాళ్ళ స్కూల్లో లెక్కలు చెప్పే దుర్గేష్ సార్ దగ్గరే ట్యూషన్‌లో పెట్టామండి. రెండు నెలల్లో ఎక్కడికో వెళ్ళిపోయింది."

విద్యావతి మనస్ఫూర్తిగానే మెచ్చుకుంది. పిల్ల భుజమ్మీద చెయ్యి వేసి, "ఏదీ, మూడింట రెండు, నాలుగింట ఒకటి కలిపితే ఎంత?" అంది.

సాయిసుధ నేల చూసింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "ఏడింట మూడు, టీచర్" అంది.

తండ్రి నవ్వేశాడు. రోడ్డు మీద అడిగితే ఎవరికైనా తడబాటేనన్నాడు. విద్యావతికి నవ్వు రాలేదు.

శనివారం సాయంత్రం ఆమె దుర్గేష్ ట్యూషన్‌కు వెళ్ళింది. చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తు. మెట్ల మూలల్లో పాన్ ఉమ్ములు, చేతికి జిడ్డుగా అంటుకునే ఇనుప రెయిలింగ్. పైన ఒక్క గదిలో డెబ్బై మంది పిల్లలు ఒకరి మోచేయి ఒకరికి తగిలేలా కూర్చుని రాసుకుంటున్నారు. బోర్డు మీద ఎనిమిది లెక్కలు, వాటి జవాబులు.

"గివే సోమవారం పరీక్షల వస్తయి. నంబర్లు గూడ మార్చను. చూడకుండ రాసుడు నేర్చుకోండ్రి" అంటున్నాడు దుర్గేష్, సోంపు నములుతూ.

ఆమెను గుర్తుపట్టి బయటికొచ్చాడు. కొంచెమైనా తడబడలేదు.

"మేడం, మీకు మంచి పేరుంది. తొమ్మిదో తరగతి బ్యాచ్ మీరు తీస్కోండి. ఆరుగురిని పెట్టుకొని ఏం చేస్తరు?"

"పిల్లలకు ఏం వస్తుంది దుర్గేష్?"

"మార్కులొస్తయి గద మేడం."

విద్యావతి వెనుదిరిగి ఆ రెయిలింగే పట్టుకుని మెట్లు దిగింది. ఇంటికి చేరి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా జిడ్డు వదలనట్టే ఉంది.

మర్నాడు శశికిరణ్‌కు ఫోన్ చేసి చూసిందంతా చెప్పింది.

"తెలుసండి" అన్నాడు శశికిరణ్. "అందరూ అలాగే చేస్తున్నారు. మా పిల్లొక్కత్తే వెనకబడితే ఎలాగండి?"

దుర్గేష్ మీద కలిగిన అసహ్యానికి ఒక హద్దుంది. ఈ మాట మీద కలిగినదానికి లేకపోయింది. కన్నతండ్రి తెలిసి తెలిసి ఆ మెట్లెక్కించి పంపుతున్నాడు.

అసలు పదో తరగతి పరీక్ష పేపరు దుర్గేష్ చేతిలోది కాదు. ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. సాయిసుధకు లెక్కల్లో పంతొమ్మిది.

శశికిరణ్ మళ్ళీ గల్లీలోకి వచ్చాడు. విద్యావతి అతణ్ణి కూర్చోమనలేదు. పిల్లను మాత్రం లోపలికి రమ్మంది. సప్లిమెంటరీ దాకా మే నెలంతా రోజూ పొద్దున్నే భిన్నాల నుంచి చెప్పుకొచ్చింది. ఒకరోజు పిల్ల పెన్సిల్ ఆపి తనంతట తానే చెప్పింది.

"క్లాసుల డౌట్ అడిగితే ట్యూషన్‌కు రా అంటుండె సార్. అక్కడ గూడ చెప్పకపోతుండె. నా చేతులే రాస్తుండె టీచర్, నాకేం తెల్వకపోతుండె."

"గిప్పుడు తెలుస్తుందా?"

"ఔ. కొంచెం కొంచెం."

సప్లిమెంటరీలో యాభై రెండు వచ్చాయి. ప్రతి మార్కూ ఆ పిల్ల చేసిన లెక్కదే.

శశికిరణ్ కూతురితో మిఠాయి పెట్టె పట్టుకొచ్చాడు. "యాభై రెండంటే చెప్పుకోలేమనుకోండి. ఏదో గట్టెక్కింది. దుర్గేష్ సార్ బషీర్‌బాగ్‌లో ఇంటర్ కోచింగ్ తెరిచారండి. పాతవాళ్ళమని ముందే సీటు ఇచ్చారు. నిన్ననే చేర్పించాం."

విద్యావతి సాయిసుధ వైపు చూసింది. పిల్ల తండ్రి వెనక నిలబడి చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది.

"నువ్వు పోతనన్నవా?"

"నన్నెవరు అడగలే టీచర్."

విద్యావతి మిఠాయి పెట్టెను తిరిగి శశికిరణ్ చేతిలో పెట్టింది. "ఇది మీరే తీస్కపోండి. పిల్లకు ఏదన్న అర్థం గాకపోతే ఎప్పుడొచ్చినా నేను చెప్త. మీరు మాత్రం నా గడప తొక్కొద్దు."

అతని ముఖం ఎర్రబడింది. కూతురి చెయ్యి పట్టుకుని గల్లీ దాటాడు.

లోపల ఆరుగురు పిల్లలు పుస్తకాలు తెరుచుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె పెట్టె పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది. జిడ్డు మాత్రం వదలనట్టే ఉంది.