కోటు కింద ఎర్ర పూలు

యాభైల మొదట్లో మేము నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండేవాళ్లం. మా నాయిన సర్కారు దఫ్తరులో గుమాస్తా. అమ్మ పెళ్లికి ముందు మెదక్‌లో మిషనరీల బడిలో చదివింది. అక్కడి టీచరమ్మ దగ్గర రెండు రంగుల ఊలుతో పూలు అల్లడం నేర్చుకుంది. మా సందులో ఆ పని వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ సంగతి మా నాయినకు తప్ప అందరికీ తెలుసు.

ఒక చలికాలం ఆయనకు స్వెటర్ మొదలుపెట్టింది. గోధుమరంగు మీద ఎర్ర పూలు. ఒక రంగు అల్లుతుంటే రెండో రంగు దారం వెనకాల సాగుతూ రావాలి. గట్టిగా లాగితే ముందు పువ్వు ముడుచుకుపోతుంది. వదులుగా వదిలితే తొడుక్కునేటప్పుడు వేళ్లు చిక్కుకుంటాయి. అందుకని అమ్మ మూడు కుట్లకోసారి వెనక దారాన్ని మెలేసి ఆపేది. నేను పక్కన కూర్చొని మూడు గోధుమ, రెండు ఎరుపు అని చెబుతూ ఉండేదాన్ని. నేను తప్పు చెబితే వరసంతా విప్పేది. పని తెలిసినవాళ్లు ముందు తిరగేసి చూస్తారని ఆమె మాట.

నాయిన తొడుక్కున్నాడు. కొలత అచ్చంగా కుదిరింది. వెంటనే పైన కోటు వేసి మెడదాకా గుండీలు పెట్టేశాడు. రోజూ అలాగే తిరిగాడు. పూల స్వెటర్ వేసుకునే తీరు అది కాదని, లోపల సాదా చొక్కా తొడిగి పైన కోటు తెరిచి ఉంచాలని అమ్మ చెప్పి చూసింది. గోడకు చెప్పినా ఒకటే.

క్రిస్మస్‌కు ముందు ఫోటో దిగడానికి ఆబిడ్స్ వెళ్లాం. ఆ ఫోటో మెదక్ టీచరమ్మకు పంపాలని అమ్మ ఆశ. నేర్పిన మనిషి ఆ పనిని ఒక్కసారి చూడాలి, అంతే. స్టూడియోలో పెద్ద దీపాల వేడికి అందరికీ చెమటలు కారుతున్నాయి.

"జర కోటు గుండీలు తియ్యున్రి. గీ ఒక్క ఫోటోకే," అంది అమ్మ.

"నాకు సలి పెడ్తుంది," అన్నాడు నాయిన, నుదురు తుడుచుకుంటూ.

అమ్మ మళ్లీ అడగలేదు. నేనైనా నోరు విప్పలేదు. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

జనవరిలో ఒక సాయంత్రం నాయిన అన్నం తింటున్నంతసేపూ తన పై ఆఫీసరు స్వెటర్ గురించే చెప్పాడు. విలాయతీదట. రెండు రంగుల పూలట. కోటు విప్పి కుర్చీకి తగిలించి మరీ తిరిగాడట, దొర దొరేనట. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? అమ్మ చారు వడ్డించింది.

మర్నాడు ఉతకాలని చెప్పి స్వెటర్ తీసుకుంది. ఆయన గడప దాటగానే మెడ దగ్గర పోగు కత్తిరించి లాగడం మొదలుపెట్టింది. మెలేసిన ప్రతిచోటా దారం చిక్కుపడింది. అంత బాగా అల్లినందుకే విప్పడం అంత కష్టమైంది. నేను ఏడుస్తుంటే నా చేతికి దారం కొస ఇచ్చి ఉండ చుట్టమంది.

ఆ గోధుమరంగు ఊలుతోనే సాదా స్వెటర్ అల్లింది. చేతులకు ఊలు చాలలేదు. నాయిన అది తొడుక్కొని అద్దంలో చూసుకున్నాడు.

"గిప్పుడు మంచిగున్నది. మొదలే గిట్ల అల్లితే ఏంబోయె?" అన్నాడు.

కోటు గుండీలన్నీ విప్పేసుకొని బజారుకు వెళ్లాడు.

అమ్మ ఆ ఫోటో మెదక్ పంపలేదు. అది నా దగ్గరే ఉంది. అందులో మా నాయిన మెడదాకా గుండీలు పెట్టుకొని చెమటతో మెరిసిపోతున్నాడు.