జర్మనీ గోల్‌కీపర్‌కు నేను చేసిన అనువాదం

మైలవరం దగ్గర ఒక మిషన్ బళ్లో నేను పీఈటీ టీచర్ని. ఆ ఏడాది బడులు తెరిచిన వారానికే మా దగ్గరికి జర్మనీ నుంచి ఒకావిడ వచ్చారు. వాళ్ల ఊరి చర్చికీ మా చర్చికీ ఏళ్లనాటి స్నేహం. ఆరు నెలలుండి మా ఆడపిల్లలకు హ్యాండ్‌బాల్ నేర్పుతారని ప్రిన్సిపాల్ సిస్టర్ గారు చెప్పారు.

"ఆవిడ ఇంగ్లీషులో చెప్తారు మేడమ్. పిల్లలకి మీరే తెలుగులో చెప్పాలండీ. ఇక్కడ ఆ ఆట తెలిసింది మీకేగా" అన్నారు.

తెలియడమే నాకొచ్చిన చిక్కు. ఆవిడ గోల్‌కీపరట. నేనూ గోల్‌కీపర్నే. పామర్రులో చదువుకునేటప్పుడు జిల్లాకు ఆడాను. ఒకసారి రాష్ట్ర జట్టుకు కూడా ఎంపికయ్యాను, రెండో గోల్‌కీపర్‌గా. నాలుగు రోజుల పోటీలూ బెంచీ మీద కూర్చుని చూసి, ఉతకక్కర్లేని జెర్సీతో ఇంటికొచ్చాను. మా నాన్న మాత్రం చర్చిలో అందరికీ "మా అమ్మాయి స్టేట్ ఆడింది" అని చెప్పుకున్నాడు. నేను ఎప్పుడూ దిద్దలేదు.

ఆ జర్మనీ ఆవిడ తల వంచితేగాని మా స్టాఫ్ రూము గుమ్మంలో పట్టలేదు. నలభై దాటిన మనిషి. ఎడమ మోకాలి మీద జెర్రిలాంటి కుట్ల మచ్చ. గోల్‌పోస్టు ముందు నిలబడి చేతులు చాపితే ఇక బంతి పోవడానికి సందు కనిపించేది కాదు. పదమూడేళ్లుగా ఆ బళ్లో నేను ఏ పిల్లలకైనా "మేడమ్"నే. వాళ్లు రెండో వారానికే ఆవిణ్ణి "అక్కా" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

శుక్రవారం ప్రార్థన అయ్యాక పిల్లలకు తన ఆట గురించి చెప్పమని సిస్టర్ గారు ఆవిణ్ణి అడిగారు. ఆవిడ చెప్పడం, నేను తెలుగు చేయడం. వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. శనివారాలు ఊరి క్లబ్బు హాల్లో మ్యాచ్‌లు జరిగితే వాళ్లమ్మ అక్కడ కేకులు చేసి పెట్టేది. ఆరేళ్లప్పుడు, అందరికన్నా పొడుగని, ఈవిణ్ణి గోల్‌లో నిలబెట్టారు. పదహారేళ్లకు ఇల్లు వదిలి పెద్ద క్లబ్బు హాస్టల్లో చేరింది. మొదటి నెలంతా ఏడ్చిందట. ఇంతవరకూ ఉన్నదున్నట్టే చెప్పాను.

తర్వాత ఆవిడ, "ఇరవై రెండేళ్లకు జర్మనీ జట్టుకు ఆడాను. మొదటి మ్యాచ్‌లోనే రెండు పెనాల్టీలు ఆపాను" అంది.

మూడు వందల మంది పిల్లలు నా నోటికేసి చూస్తున్నారు. నేను, "అలా కొన్నాళ్లు అక్కడే ఆడారు. బాగా ఆడేవారట" అన్నాను. అంతే. అంత చిన్న అబద్ధం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు హాయిగా అనిపించిందని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వరండాలో టీ తాగుతూ ఆవిడ మామూలుగా అడిగింది. "నేను జర్మనీ అన్నాను కదా, మీ మాటల్లో ఆ పేరు వినపడలేదు. తెలుగులో దానికి వేరే పేరుందా?"

"ఉందండీ" అన్నాను. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

సోమవారం మా గోల్‌కీపర్ పిల్ల, తొమ్మిదో తరగతి, నా దగ్గరికొచ్చింది. "మేడమ్, జర్మనీని తెలుగులో ఇంకేవైనా అంటారా? అక్క అడిగారు. జర్మనీ అనే అంటామని చెప్పానండీ. కరెక్టేనా?"

"కరెక్టే" అన్నాను.

ఆవిడకు సంగతి తెలిసిపోయింది. రెండు రోజులు మామూలుగానే గ్రౌండుకొచ్చింది, పిల్లల చేత పక్కకు దూకించింది, నా వైపు చూసి నవ్వింది కూడా. తిట్టినా బాగుండేది. మూడో రోజు నెట్లు విప్పుతున్నప్పుడు నేనే వెళ్లి చెప్పాను. చేసిందీ, బెంచీ సంగతీ, రెండూ.

ఆవిడ నెట్టు మడుస్తూనే విన్నది. తర్వాత మోకాలు చూపించింది. దేశానికి ఆడిన అయిదో మ్యాచ్‌లో కాలు మెలితిరిగి పడిపోయిందట. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే బెంచీ మీంచి రెండో గోల్‌కీపర్ లేచి, జుట్టు ముడేసుకుంటూ లోపలికి పరిగెత్తింది. ఆ అమ్మాయి అక్కడ ఏడేళ్లు నిలిచిపోయింది. ఈవిడ ఆపరేషన్ అయ్యాక కింది లీగులో, పగలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసుకుంటూ, ముప్ఫై నాలుగేళ్ల దాకా ఆడింది.

"ఆ అమ్మాయికి ప్రతి మ్యాచ్‌లో గోల్స్ కుప్పలుగా పడాలని కోరుకున్నాను. టీవీ ముందు కూర్చుని మరీ" అంది.

నేను అయ్యో అన్నాను. కానీ నిజం చెప్పాలంటే, నా కళ్లకు కట్టింది ఆ స్ట్రెచర్ కాదు. జుట్టు ముడేసుకుంటూ లేచిన ఆ అమ్మాయే. ఆమెను తలుచుకుని లోపల్లోపల సంబరపడ్డాను. ఆ సంగతి మాత్రం ఆవిడకు చెప్పలేదు.

మర్నాటి ప్రార్థనలో, ఆవిడ అడక్కుండానే, మైకు తీసుకుని నేను వదిలేసిన ముక్కలన్నీ చెప్పాను. జర్మనీ జట్టు, రెండు పెనాల్టీలు, మోకాలు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. నేనూ కొట్టాను. కొడుతున్నంతసేపూ కుళ్లుకుంటూనే ఉన్నాను. తప్పు ఒప్పుకుంటే ఆ గుణం పోతుందనుకున్నాను, పోలేదు.

డిసెంబరు మొదట్లో ఆవిడ వెళ్లిపోయింది. జనవరిలో హనుమాన్ జంక్షన్‌లో పోటీలు. మా జట్టు రెండో మ్యాచ్‌లోనే ఓడింది గానీ మా గోల్‌కీపర్ పిల్ల మూడు పెనాల్టీలు ఆపింది. నేను ఇంకా భుజం తట్టనే లేదు, "మేడమ్, అక్కకి వీడియో కాల్ చేద్దామండీ" అంది ఆయాసపడుతూ.

కలిపాను. తెరమీద ఆవిడ ముఖం కనిపించగానే మాట్లాడబోయాను. పిల్ల నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "అక్కా, త్రీ పెనాల్టీ! ఐ జంప్, బాల్ హిట్ హియర్!" అని కందిన మోచెయ్యి చూపిస్తూ, తనకొచ్చిన ఇంగ్లీషులో తనే మొత్తం చెప్పేసింది. అవతల ఆవిడ అరిచిన అరుపుకి పక్క జట్టువాళ్లు తిరిగి చూశారు.

 నేను వెళ్లి వాటర్ బాటిళ్లన్నీ ఏరి ఆటోలో పెట్టాను.