చాప కప్పుకుని కూర్చున్న సినలేయి

సముద్రం నడుమ ఉన్న సవాయి దీవి కోకో గింజలు పైదేశం పోవాలంటే మధ్యలో సినలేయి ఉండాల్సిందే. కాపురం పక్క దీవిలోని అపియా పట్నంలో అయినా పుట్టిల్లు ఆ దీవిలోనే. కొనేవాళ్ల మాట ఊరికి, ఊరి మాట కొనేవాళ్లకి అందించడం ఆమె బతుకుతెరువు.

మెల్‌బోర్న్ నుంచి వచ్చిన రస్సెల్ చాక్లెట్లు చేసి అమ్ముతాడు. మనిషి మంచివాడే. పెద్దల ముందు కాళ్లు మడిచి కూర్చున్నాడు. కొబ్బరిచిప్పలో ఇచ్చిన చేదు పానీయం ముఖం చిట్లించకుండా తాగాడు. ఊరిపెద్ద లెఫావు ముచ్చటపడి, అతని చేతుల్లో మొగలాకు చాప పెట్టాడు. పట్టులా మెత్తనిది. సినలేయి మేనత్త మోయెలాగి ఏళ్ల తరబడి చేతులు కాయలు కాచేలా అల్లింది. పెళ్లికో చావుకో తప్ప పెట్టెలోంచి బయటికి తీయరు దాన్ని.

"చాలా పెద్ద కానుక. జాగ్రత్తగా చూసుకోండి" అంది సినలేయి.

"తప్పకుండా" అన్నాడు రస్సెల్.

ఇంకేం చెప్పలేదామె. ఇచ్చినదాని గొప్ప మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుందని ఊరుకుంది.

కొన్నాళ్లకి మెల్‌బోర్న్‌లో ఉండే బంధువొకరు ఫోటో పంపారు. రస్సెల్ కొట్టులో గింజల బస్తాల కింద ఆ చాప పరిచి ఉంది. జనం బూట్లతో తొక్కుతున్నారు. ఊరంతా చూసింది ఆ ఫోటో.

సినలేయి రస్సెల్‌కి ఫోన్ చేసింది. "దాన్ని తీయించండి. మీరొచ్చి క్షమాపణ అడగాలి."

"అందరి కంటా పడాలనే అక్కడ వేశాను. తీసేస్తాలే. క్షమాపణ దేనికి? పాడైందంటే ఇంకోటి కొని పంపిస్తా."

ఆ ఆఖరి మాట ఆమె కడుపులోనే దాచుకుంది. మర్నాడే ఊరికి పడవెక్కింది.

మోయెలాగి తలెత్తకుండానే అంది: "వాడికి తెలీదే. నీకు తెలుసు కదా?"

అక్కడి ఆచారం ప్రకారం తప్పు చేసినవాళ్లు తెల్లారేసరికి ఊరిపెద్ద గుమ్మం ముందు తలమీదుగా చాప కప్పుకుని కూర్చోవాలి. క్షమించదలిస్తే లోపలివాళ్లే వచ్చి తీస్తారు. లేకపోతే ఏమైనా చేయొచ్చు. రస్సెల్ కూర్చోవాల్సిన చోట సినలేయి కూర్చుంది. చర్చికి పోయేవాళ్ల అడుగులు పక్కనే ఆగి, మళ్లీ కదిలాయి. ఎండ ఎక్కింది. చాప లోపల ఊపిరాడలేదు.

చివరికి లెఫావు తన చేత్తోనే చాప తీశాడు. "లే తల్లీ. నీమీద మాకేం కోపం లేదు."

"మరి అతని మీదో, బాబాయ్?"

"అతను రాలేదు కదమ్మా."

గింజలు వేరేవాళ్లకి పోయాయి. ధర చాల్లేదా అని రస్సెల్ అడిగితే, సినలేయి మొదట్నుంచీ అంతా చెప్పింది. "ఇవన్నీ నాకు ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు, నొచ్చుకుని.

అప్పట్నుంచి గింజలు కొనడానికి వచ్చినవాళ్లందరికీ పెద్దల ఎదుటే అన్నీ విడమరిచి చెబుతుంది. ఈ కానుక దేనికి, దీన్ని ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు. అలా చెబుతుంటే పెద్దలు సిగ్గుతో చూపు తిప్పుకుంటారు. "పిల్ల నోరు పరాయిదైపోయింది" అంటారు వెనకాల. ఆమెకి వినిపిస్తూనే ఉంటుంది.